ఫుల్ అంటే ఎంత?

కెనడాలోని మా విన్నిపెగ్‌లో, మోటర్‌హోమ్ అనే ఈ చక్రాల ఇల్లు ఏడాదిలో ఐదు నెలలు బండి, మిగతా ఏడు నెలలు మంచులో నిలబెట్టిన తెల్లటి పెట్టె. ఆ ఏడు నెలల్లో దాన్ని బతికించేవీ చంపేవీ దాని బ్యాటరీలే. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఊరికే ఒప్పుకునేదాన్ని కాదు. ఏ మాట విన్నా "రుజువేది?" అని అడిగే ఇంట్లో పెరిగాను. మా నాన్న నడిపిన చర్చావేదికలో ఒక కచ్చితమైన నియమం ఉండేది. ఎవరు వాదం మొదలుపెట్టినా, ముందు తాము వాడే మాటకు అర్థం చెప్పి తీరాలి. "ధర్మం" అంటూ లేచినవాణ్ణి ధర్మమంటే ఏమిటో చెప్పేదాకా ముందుకు పోనిచ్చేవారు కాదు. పదమూడేళ్ల వయసులో నేనూ ఆ బెంచీల మధ్య లేచి నిలబడి పెద్దపెద్దవాళ్లను అర్థాలు అడిగాను. ఆ బడిలో చదివిన మనిషిని, అరవై దాటాక ఒక చిన్న మాటకు అర్థం అడగకుండా వదిలేసి రెండు కొత్త బ్యాటరీలను చంపాను. ఆ తప్పు గురించి, ఆ తర్వాత మేం చేసిన పని గురించి చెబుతాను. ఆ పని చెప్పుకోవడం నాకు గర్వం.

మేం అంటే ఇద్దరం. నేనూ, నాకన్నా నాలుగేళ్లు పెద్దదైన ఒక స్నేహితురాలూ. ఆమెను నేను అక్కా అంటాను. బాపట్ల వైపు మనిషి. ముప్పై ఏళ్లు ఇక్కడి వృద్ధాశ్రమాల్లో నర్సుగా పనిచేసి రిటైరయింది. భర్త పోయాక కొడుకు ఇంట్లో కింది అంతస్తులో ఉంటోంది. ఆదివారం చర్చి తప్పదు. నాకు దేవుడు లేడు, ఆమెకు దేవుడు లేని చోటు లేదు. ఇరవై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాం. ఇద్దరిలో ఎవరూ అంగుళం కదల్లేదు. ఒకరు లేకుండా ఒకరికి తోచదు కూడా.

ఇద్దరం కలిసి పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నాం. అక్క యాభై ఏళ్ల వయసులో లైసెన్సు తీసుకుంది, కానీ ఇంత పెద్ద బండి స్టీరింగ్ ఎప్పుడూ పట్టలేదు. రెండు వారాల్లో పట్టేసింది. ప్రతి ప్రయాణానికీ ముందు తల వంచి ప్రార్థన చేస్తుంది. ఆ సేపట్లో నేను కిందికి దిగి టైర్లలో గాలి చూస్తాను. "నువ్వు ప్రార్థన చెయ్యి, నేను గాలి చూస్తా. ఎవరి వల్ల చేరామో అక్కడికెళ్లాక తేల్చుకుందాం" అని నేను అంటే, "చేరినాక నీకు టీ పెట్టేది నేనేగా, అప్పుడు తేలుద్దిలే" అంటుంది. కొన్న వేసవిలోనే కాల్గరీ నగరందాకా వెళ్లొచ్చాం. అన్ని వందల కిలోమీటర్లూ ఆమే నడిపింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒకాయన నా వైపు తిరిగి, మీవారు ఎక్కడున్నారు, బండి కొంచెం ముందుకు తీయమనండి అన్నాడు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి నేనే తీస్తానంది. తీసింది. ఆయన అడిగినదానికన్నా చక్కగా తీసింది.

బ్యాటరీల సంగతి కొంచెం చెప్పాలి. ఈ బండిలో రెండు రకాలుంటాయి. ఇంజిన్‌ను లేపేది ఒకటి, అది మామూలు కారు బ్యాటరీ లాంటిదే. లోపల దీపాలు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్ నడిపేవి రెండు. వాటిని మేం ఇంటి బ్యాటరీలు అంటాం. మన ఊళ్లలో ఇన్వర్టర్ కింద పెట్టే బ్యాటరీలకు ఇవి చుట్టాలు. పైన మూతలుంటాయి. మూత తీసి చూస్తే లోపల యాసిడ్, అందులో మునిగిన పలకలు.

మొదటి చలికాలం బండిని అక్క కొడుకు ఇంటి పక్కన నిలిపి, గోడకున్న ప్లగ్గులో వైరు పెట్టాం. ప్లగ్గు ఉంది కాబట్టి బ్యాటరీలు నిండుతూ ఉంటాయి, మనం చూడక్కర్లేదు అనుకున్నాం. అనుకున్నది ప్రధానంగా నేను. బండి లోపల కరెంటును బ్యాటరీకి అందించే పాత యంత్రం ఒకటుంది. దానికి ఆపడం తెలియదు. బ్యాటరీ నిండినా అదే జోరుతో నెలల తరబడి తోస్తూనే ఉంటుంది. ఆ తోపుడుకు లోపలి నీళ్లు బుడగలై కొంచెం కొంచెంగా ఆవిరైపోతాయి. కొత్తరకం ఛార్జర్లు తమంతట తామే తగ్గుతాయట. మాది పాతది. నెలకోసారి మూత తీసి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. ఏప్రిల్‌లో మూత తీస్తే పలకలు ఎండిపోయి, చివర్లు తెల్లగా పొడిబారి కనిపించాయి.

అక్క లోపలికి తొంగిచూసి, తాపీగా అంది: "నేను కనపడని దేవుణ్ణి నమ్మా. నువ్వు కనపడే ప్లగ్గుని నమ్మావు. ఏం చెల్లీ, ఎవరు మోసపోయారు?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. చూడకుండా నమ్మితే అది నమ్మకమే. నమ్మింది గుడిలో రాయినైనా, గోడలో ప్లగ్గునైనా తేడా లేదు. జీవితమంతా ఇతరుల మూఢనమ్మకాలను వేదికలెక్కి చీల్చి చెండాడిన మనిషికి, గోడకున్న మూడు రంధ్రాల మీద అంత భక్తి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొత్త బ్యాటరీలు వేయించాం. నేను పుస్తకాలు తిరగేశాను. చదివినకొద్దీ నా కోపం ప్లగ్గు మీదికి మళ్లింది. ఆ వేసవంతా అక్కకు ఒకటే పాట పాడాను: ప్లగ్గు ఉంచొద్దు, మన బ్యాటరీలను తాగేసింది ఆ ప్లగ్గే. నేను చెప్పదలచుకున్నది వేరు. బ్యాటరీలను పూర్తిగా ఛార్జ్ చేసి, ఆ తర్వాత ప్లగ్గు తీసి, తీగలు విప్పి వదిలేయాలి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీకి మన విన్నిపెగ్ చలి శత్రువు కాదు, కాపలాదారు. ఎంత చల్లగా ఉంటే దానిలో కరెంటు అంత నెమ్మదిగా తగ్గుతుంది. మైనస్ నలభైలోనూ అది గడ్డకట్టదు. ఛార్జ్ తగ్గిన బ్యాటరీ అలా కాదు. దాని లోపల యాసిడ్ పలచబడి దాదాపు నీళ్లలా అవుతుంది. నీళ్లలాగే గడ్డకడుతుంది. ఇదంతా నా బుర్రలో స్పష్టంగా ఉంది. నా నోట్లోంచి మాత్రం "ప్లగ్గు ఉంచొద్దు" అన్న రెండు మాటలే వచ్చాయి.

అక్టోబరు చివర మా ఆఖరి ప్రయాణం అయింది. రెండు రోజులు చలిలో హీటర్ ఫ్యాన్ నడిచి ఇంటి బ్యాటరీలు సగానికి దిగాయి. నవంబరు మొదటి వారంలో నాకు కంటి ఆపరేషన్. వంగకూడదు, బరువులెత్తకూడదు. బండిని చలికాలానికి సిద్ధం చేసే పని అక్క ఒక్కతే చేసింది. మధ్యాహ్నం ఫోన్ చేసి, నీళ్ల గొట్టాలు ఖాళీ చేశానని, గ్యాస్ కట్టేశానని, తీగలు విప్పానని వరసగా చెప్పింది. నేను ఒకటే అడిగాను.

"బ్యాటరీలు ఫుల్లేనా అక్కా?"

"ఫుల్లే."

"పూర్తిగా?"

"పూర్తిగా అంటే పూర్తిగానే. పన్నెండు మూతలూ తీసి చూశాగా."

మూతలు అన్న దగ్గర నా చెవి నిక్కబొడుచుకోవాల్సింది. ఛార్జ్ చూడటానికి మూతలెందుకు? నేను మాత్రం ఒక కంటికి కట్టు కట్టుకుని, తృప్తిగా ఫోన్ పెట్టేశాను.

జనవరిలో పది రోజులు మైనస్ ముప్పై ఆరు. మార్చి ఆఖర్లో మంచు కరిగాక వెళ్లి చూస్తే రెండు బ్యాటరీలూ పక్కలకు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని పొట్ట నిలువునా చీలింది. కింది రేకంతా యాసిడ్ మరకలు.

అక్క కొడుకు కూడా మాతోనే ఉన్నాడు. మంచివాడు. ఇద్దరు పెద్దవాళ్లు ఏ హైవే మీదో ఆగిపోతారేమోనన్నది అతని భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. చీలిన బ్యాటరీని చూసి, తల్లి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు: "ఎనఫ్ మమ్మీ. బండిని సేల్‌కి లిస్ట్ చేసేద్దాం. ఆంటీ, మీరైనా చెప్పండి."

నేను చెప్పింది వేరు, అదీ అతనికి కాదు, అక్కకు. ఆ మాట ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాయకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు. "నింపమన్నది కరెంటుతో అక్కా, నీళ్లతో కాదు. ఇంత చిన్న సంగతి తెలియకపోతే ఎలా?" అన్నాను.

ఆమె నన్ను సూటిగా చూసింది. "నువ్వు కరెంటు అన్నావా?" అంది. "ఫుల్లా అన్నావు. బాపట్లలో మా ఇంట్లో ఇన్వర్టర్ ఉండేది. ఎండలు ముదిరే ముందు నీళ్ల సీసా తెచ్చి మూతలు తీసి పోసి, ఫుల్ అని మా ఆయనకు కేకేసి చెప్పేదాన్ని. మాకు ఫుల్ అంటే అదే. ప్లగ్గు పెట్టొద్దంటివి, పెట్టలా. ఫుల్లా అంటివి, ఫుల్ చేశా. ఇంకేం చెయ్యాల్సిందో చెప్పు."

మన ఊళ్లలో వేలాది ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోయడం ఇంటి పనుల్లో ఒకటి. ఆ పని శ్రద్ధగా నేర్చుకున్న చేతులు ఆమెవి. మన దగ్గర కరెంటు వస్తూ ఉంటుంది కాబట్టి, పోసిన నీళ్లు ఛార్జింగ్‌లో యాసిడ్‌తో కలిసిపోతాయి. ఇక్కడ నా మాట విని ప్లగ్గు పెట్టలేదు కాబట్టి, ఆ నీళ్లు కలవకుండా పైనే నిలిచి, సగం ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ మీద మంచై కూర్చున్నాయి. ఆమె అజాగ్రత్తగా ఉండి ఉంటే, అసలు నీళ్లు పోయకుండా వదిలేసి ఉంటే, నష్టం ఇంతగా ఉండేది కాదేమో. శ్రద్ధ ఆమెది, తప్పు నాది. ఒకే మాటను ఇద్దరం రెండు అర్థాల్లో వాడాం. ఆ తేడాను పట్టుకోవడమే చదువుగా పెరిగినదాన్ని నేను.

ఆ మాట అక్కడే, ఆమె కొడుకు ముందే ఒప్పుకున్నాను. ఇది నా తప్పు, మీ అమ్మది కాదు అన్నాను. వేదిక మీద ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆ పెరట్లో ఓడిపోయినందుకు ఈనాటికీ విచారం లేదు.

కానీ అక్క లోపల ఏదో విరిగింది. కొడుకుతో, సరే, ఇంకొక్క చలికాలం చూద్దాం, వచ్చే మే నెలలో బండి మొదటి తాళానికి లేవకపోతే నేనే అమ్మేస్తా అంది. అది పందెం కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్న గడువు. ఆ బండి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె మళ్లీ వేరేవాళ్లు నడిపే కార్ల వెనక సీట్లోకి వెళ్లిపోతుంది. చర్చికి ఒకరు తీసుకెళ్లాలి, డాక్టరు దగ్గరికి ఒకరు తీసుకెళ్లాలి. అరవై ఐదేళ్లకు తనంతట తాను ఎంచుకున్న ఒకే ఒక వస్తువు ఆ స్టీరింగ్. నా నోటి తొందర వల్ల అది ఆమె చేతిలోంచి జారిపోయేలా ఉంది.

ఆ వేసవి మూడోసారి బ్యాటరీలు వేయించాం. ఈసారి పద్ధతి నేను చెబుతానంటే అక్క వద్దంది. "నీ మాటలు చాలు. నాకు అంకె కావాలి" అంది. వృద్ధాశ్రమంలో ముప్పై ఏళ్లు ఆమె రాసింది అంకెలే. రోగి ఎంత తాగాడు, ఎంత పోశాడు, జ్వరం ఎంత, బీపీ ఎంత. బాగున్నాడు అని రాస్తే పై నర్సు కాగితం తిరిగి మొహాన కొట్టేదట. అలాంటి కాగితం ఒకటి గీసి బండి తలుపు లోపల తగిలించింది. తేదీ, బయటి చలి, ఒక్కో బ్యాటరీ వోల్టులు, ఒక్కో మూత కింద యాసిడ్ చిక్కదనం, చూసినవాళ్ల సంతకం. చిక్కదనం చూసే గాజు గొట్టాన్ని హైడ్రోమీటర్ అంటారు. యాసిడ్‌ను కొంచెం పైకి పీల్చితే లోపల చిన్న తేలుడు కడ్డీ తేలుతుంది. అది ఎక్కడిదాకా తేలిందో చూసి అంకె చదవాలి. నేను చదివితే ఒకలా వచ్చేది, ఆమె చదివితే ఒకలా వచ్చేది. రెండు రోజులు తగాదా పడ్డాక తేలింది, నేను నిలబడి పైనుంచి చూస్తున్నాను, ఆమె వంగి అంకెకు కళ్లు సమానంగా పెట్టి చూస్తోంది. ఆమెదే సరైనది. మందు కొలిచిన కళ్లవి.

ఆ అక్టోబరులో పని ఇలా జరిగింది. ముందు నీళ్లు పోయలేదు, పలకలు మునిగి ఉన్నాయో లేదో మాత్రం చూశాం. తర్వాత ప్లగ్గు పెట్టి, పూర్తిగా ఛార్జ్ అయ్యాకే డిస్టిల్డ్ వాటర్ పోశాం. అదీ అంచుదాకా కాదు, మూత కిందున్న చిన్న గొట్టం అడుగు తాకేదాకా. నీళ్లు కలవడానికి మళ్లీ రెండు గంటలు ఛార్జ్. ప్లగ్గు తీశాక వెంటనే కొలవకూడదు, అప్పుడు లేని ఛార్జ్ ఉన్నట్టు అంకె చూపిస్తుంది. మర్నాడు కొలిచాం. పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు. చిక్కదనం పన్నెండు వందల అరవై ఐదు. రెండూ నిండు ఛార్జ్ అంకెలే. అక్క రాసి సంతకం పెట్టింది. తలుపు పక్కనున్న బ్యాటరీ స్విచ్ కట్టేశాం. ఇక నెలకోసారి ఎవరో ఒకరు మంచులో నడిచి వెళ్లి కొలవాలి. నవంబరు, డిసెంబరు అంకెలు కొద్దిగా మాత్రమే దిగాయి.

జనవరి రెండో వారంలో అక్క ఫోన్ చేసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "ఇంటివి పన్నెండు పాయింట్ ఆరు ఐదు. ఇంజిన్‌ది పన్నెండు పాయింట్ మూడు" అంది.

పోయిన నెల ఆ ఇంజిన్ బ్యాటరీ పన్నెండు ఆరు. ఒక్క నెలలో అంత దిగకూడదు. పైగా వచ్చే వారం మైనస్ ముప్పై ఎనిమిది అని చెబుతున్నారు. ఆ అంకె దగ్గర వదిలేస్తే అది గడ్డకట్టే అవకాశం ఉంది, బండి చేజారడానికి మే నెల దాకా ఆగక్కర్లేదు. నేను వెంటనే కారు తీశాను. వెళ్లేసరికి అక్క బానెట్ కింద తలపెట్టి ఉంది. కారణం తనే కనిపెట్టింది. తలుపు పక్కన స్విచ్ మీద బ్యాటరీ అని రాసి ఉంది కదా, అది అన్నిటినీ కట్టేస్తుందని ఇద్దరం అనుకున్నాం. అది కట్టేసేది ఇంటి బ్యాటరీలను మాత్రమే. ఇంజిన్ బ్యాటరీకి రేడియోలోని గడియారం ఇంకా వేలాడుతూనే ఉంది, మూడు నెలలుగా దాన్ని చుక్కచుక్కగా తాగుతోంది. చీకట్లో వెలుగుతున్న ఆ చిన్న అంకెలను రెండుసార్లు చూసి కూడా నేను ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది.

తీగ విప్పి బ్యాటరీని గ్యారేజీలోకి తేవాలి. ఇంట్లోకి తేకూడదు, ఛార్జ్ అయ్యేటప్పుడు అది వదిలే గాలికి నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇరవై కిలోల బరువు, మోకాలి లోతు మంచు. మంచు మీద జారే మనవరాలి ప్లాస్టిక్ స్లెడ్ మీద పెట్టి, ముందు ఆమె తాడు లాగుతూ, వెనక నేను పట్టుకుంటూ పెరడంతా దాటాం. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కొడుకు మమ్మల్ని చూసి కారు దిగి పరుగెత్తుకొచ్చాడు. మీరెందుకు, నేను తెస్తానుగా అన్నాడు.

"ముట్టుకోమాక" అంది అక్క. "ముందు ఆ కాగితం మీద టైము రాయి."

అతను నా వైపు చూశాడు. నేను సాయం చెయ్యలేదు. రాశాడు.

రెండు రోజులు చిన్న ఛార్జర్ మీద ఉంచాక మళ్లీ కొలిచాం. పన్నెండు ఏడు. ఆ బ్యాటరీని అలాగే తీగ లేకుండా గ్యారేజీలో ఉంచేశాం. ఫిబ్రవరిలో, మార్చిలో, ఏప్రిల్‌లో అక్కే కొలిచింది. నేను వెళ్లి సరిచూడలేదు, ఆ అవసరం లేదు. నా యాభై ఏళ్ల హేతువాదంలో అంత నిక్కచ్చిగా పరిశీలన చేసిన మనిషిని ఎక్కువమందిని చూడలేదు. ఆ మనిషి ప్రార్థన చేస్తుందా లేదా అన్నది నా లెక్కలోకి రాదు. కొలిచిందా, ఉన్నది ఉన్నట్టు రాసిందా, తప్పొస్తే ఒప్పుకుందా అన్నదే నా కొలత. ఆడవాళ్లకు యంత్రాల సంగతి తెలియదని ఇంకా నమ్మేవాళ్లను ఆ పెరట్లోకి తీసుకెళ్లి ఆ కాగితం చదివించాలని ఉండేది.

మే మొదటి శనివారం. బ్యాటరీ బిగించాం. కొడుకు వరండా మెట్ల మీద కాఫీ కప్పుతో నిలబడ్డాడు. అక్క డ్రైవర్ సీట్లో కూర్చుని తల వంచింది. నేను ఎప్పటిలా టైర్ల దగ్గరికి వెళ్లబోయి, ఎందుకో ఆగి, బానెట్ పక్కనే నిలబడ్డాను. ఆమె తాళం తిప్పింది. రెండు క్షణాలు గురగురమంది, మూడో క్షణం అందుకుంది. పెరడంతా ఆ చప్పుడు నిండిపోయింది. ఆమె అరవలేదు, చేతులెత్తలేదు. కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నా కళ్లు కొంచెం తడిసినట్టు గుర్తు. అంతకుముందు చేయించుకున్న ఆపరేషన్ వల్ల అని ఆమెకు చెప్పాను, ఆమె నమ్మలేదు.

కొడుకు దగ్గరికి వచ్చాడు. అమ్మకం మాట ఎత్తలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆగస్టులో లాంగ్ వీకెండ్‌కి పిల్లలతో వెళ్లడానికి ఇస్తావా మమ్మీ అని అడిగాడు.

అక్క ఇంజిన్ కట్టేసి కిందికి దిగింది. జేబులోంచి హైడ్రోమీటర్ తీసి అతని చేతిలో పెట్టి, ఇంటి బ్యాటరీ మొదటి మూత చూపించింది. అతను పీల్చి, నిలబడే, పైనుంచి చూసి ఒక అంకె చెప్పాడు.

"వంగి చూడు" అందామె.

అతను కాఫీ కప్పు కింద పెట్టి వంగాడు.